టెక్ సందేహాలు: మూడు కెమెరాలు, ఒకే తాళం

ప్రశ్న: మైలాపూరులో జరిగిన మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశాన్ని వేదిక ముందు ఒక కెమెరా, హాలు చివర ఒక కెమెరా, పక్కనుంచి ఒక ఫోను పెట్టి తీశాము. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో శబ్దం ఆధారంగా మూడింటినీ కలిపితే మొదట్లో బాగానే ఉంది కానీ, గంట గడిచేసరికి ఫోను దృశ్యంలో అడుగుకూ మువ్వల చప్పుడుకూ పొంతన కుదరడం లేదు. హాలు చివరి కెమెరా అయితే మొదటినుంచీ కాస్త తేడాగానే ఉంది. డబ్బు పెట్టి వేరే సాఫ్ట్‌వేర్ కొనాలా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అక్కర్లేదు. రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనూ మల్టీక్యామ్ సదుపాయం, అంటే పలు కెమెరాల దృశ్యాలను ఒకే క్లిప్పుగా కలిపి, కావలసిన చోట కెమెరా మార్చుకునే వీలు ఉంది; 3840×2160 పరిమాణంలో, సెకనుకు 60 ఫ్రేముల వరకు వీడియో తయారుచేసుకోవచ్చు. అయితే మీరు చెప్పినవి రెండు వేర్వేరు చిక్కులు, రెండింటికీ మందు ఒకటి కాదు.

ముందు ఫోను సంగతి. కెమెరా సెకనుకు 25 అంటే కచ్చితంగా 25 ఫ్రేములే తీస్తుంది. చాలా ఫోన్లు మాత్రం 30 అని చూపిస్తూనే, వెలుతురు తగ్గినప్పుడు ఆ వేగాన్ని తమంతట తాము మార్చేస్తుంటాయి. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ఫ్రేములన్నీ సమాన వ్యవధిలో ఉన్నాయనుకొని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్క వేసుకున్నప్పుడు దృశ్యం ఒక దారిన, శబ్దం మరో దారిన పోతాయి కాబట్టి, టైమ్‌లైన్‌లో (క్లిప్పులు వరుసగా పేర్చే పట్టీలో) క్లిప్పును ఎంత అటూఇటూ జరిపినా ఈ తేడా పోదు. ఫోను ఫైలును ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో తెరిచి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేటు 30 అనీ, దాని కింద కాన్‌స్టంట్ అనీ ఎంచుకొని, నాణ్యత చూపే ఆర్‌ఎఫ్ అంకెను 18 దగ్గర ఉంచి కొత్త ఫైలు తయారుచేసుకోండి. ఆ తరువాతే రిజాల్వ్‌లోకి తీసుకురండి.

ఇంత చేసినా ఒకటి రెండు ఫ్రేముల తేడా మిగలవచ్చు. ఏ రెండు పరికరాల్లోని గడియారాలూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు ఇరవై వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు, అంటే 25 ఫ్రేముల లెక్కలో దాదాపు రెండు ఫ్రేములు. అందుకే రెండు గంటల కార్యక్రమాన్ని ఒకే మల్టీక్యామ్ క్లిప్పుగా చేయడం నాకు నచ్చదు. తరంగం ఒకటి, భామాకలాపం ఒకటి, తిల్లానా ఒకటి అన్నట్టు ఏ అంశానికి ఆ అంశం విడదీసి కలుపుకుంటే తేడా పేరుకోదు. మధ్యలో చప్పట్లు పడే చోట కోత ఎవరికీ తెలియదు కూడా. సాఫ్ట్‌వేర్ తనంతట తాను సరిగా కలపలేకపోతే నట్టువాంగం తాళాల దెబ్బ వెతకండి. శ్రుతిపెట్టె నాదం వేవ్‌ఫామ్‌లో (శబ్దం హెచ్చుతగ్గులు చూపే గీతలో) ఒకే మందపు పట్టీలా సాగిపోతుంది కానీ, తాళం దెబ్బ సూదిమొనలా పైకి లేస్తుంది. మూడు క్లిప్పుల్లోనూ అదే దెబ్బ దగ్గర మార్కర్ (గుర్తు) పెట్టి, మల్టీక్యామ్ క్లిప్పు తయారుచేసేటప్పుడు కనిపించే యాంగిల్ సింక్‌లో సౌండ్‌కు బదులు మార్కర్ ఎంచుకోండి. సినిమా వాళ్ల క్లాప్ బోర్డు చేసే పని మీకు నట్టువాంగం చేసిపెడుతుందన్నమాట.

ఇక హాలు చివరి కెమెరా. అందులో తప్పేమీ లేదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు ఉంటుంది. కాబట్టి వేదికకు 14 మీటర్ల దూరంలోని కెమెరాకు చప్పుడు ఒక ఫ్రేము ఆలస్యంగా చేరుతుంది. శబ్దాన్ని శబ్దంతో కలిపినప్పుడు ఆ కెమెరా దృశ్యం ఒక ఫ్రేము ముందుకు వచ్చేసి, చప్పుడు వినిపించక ముందే పాదం నేలను తాకినట్టు కనిపిస్తుంది. మల్టీక్యామ్ క్లిప్పు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఇన్ టైమ్‌లైన్ తీసుకొని, ఆ కెమెరా క్లిప్పును ఫుల్‌స్టాప్ కీతో ఒక్క ఫ్రేము కుడికి జరపండి. దూరం 27 మీటర్లకు పైబడితే రెండు ఫ్రేములు.

కెమెరాలు మార్చేటప్పుడు వీడియో మాత్రమే మారేలా పెట్టుకొని, శబ్దం మొదటినుంచి చివరిదాకా వేదిక ముందు కెమెరాదే ఉంచండి. లేకపోతే ప్రతి కోత దగ్గరా హాలు పెద్దదై చిన్నదైనట్టు వినిపిస్తుంది.

ప్రశ్న: పెళ్లి వీడియోకు రిజాల్వ్‌లో మూడు 4కె కెమెరాల దృశ్యాలు పక్కపక్కన పెట్టగానే నా 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోంది. ర్యామ్ పెంచాలా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: పెంచితే మంచిదే కానీ, ముందు ప్రాక్సీలు, అంటే అసలు ఫైళ్లకు తేలికపాటి నకళ్లు తయారుచేసి చూడండి. హెచ్.264, హెచ్.265 పద్ధతుల్లో కుదించిన వీడియో ఫైళ్లలో పూర్తి చిత్రం అక్కడక్కడా మాత్రమే ఉంటుంది, మిగతావన్నీ దాని నుంచి మారిన భాగాలే; ఒక్క ఫ్రేము చూపించాలన్నా చుట్టుపక్కల ఫ్రేములు విప్పాలి, మీరేమో ఆ పని ఒకేసారి మూడింటికి చేయిస్తున్నారు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ పరిమాణం పావు వంతుకు తగ్గించి, మీడియా పూల్‌లో క్లిప్పులన్నీ ఎంచుకొని జనరేట్ ప్రాక్సీ మీడియా నొక్కి, రాత్రికి వదిలేయండి. ఎడిటింగ్ అంతా ఆ తేలిక ఫైళ్లతో సాగుతుంది, తుది వీడియో అసలు ఫైళ్ల నుంచే వస్తుంది. తుది వీడియో తయారుచేసే డెలివర్ పేజీలో యూజ్ ప్రాక్సీ మీడియా దగ్గర టిక్కు ఉంటే మాత్రం తీసేయండి.