మ్యాచ్ పదింటికా, పదకొండింటికా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలోనే పుట్టి పెరిగాడు, లండన్ ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్ అంటే పిచ్చి. శనివారం పదింటికి వచ్చే మ్యాచ్ మార్చిలో పదకొండింటికి వచ్చింది. ఎందుకండీ? లండన్ వెళ్లి చూడాలంటే టికెట్ ఎలా?
– ఓ తల్లి, ఎడిసన్

జవాబు: తేడా గడియారాలదేనమ్మా. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 3 అంటే మామూలుగా మీకు ఉదయం 10. అయితే అమెరికా మార్చి రెండో ఆదివారమే గడియారం గంట ముందుకు జరుపుతుంది, బ్రిటన్ చివరి ఆదివారం దాకా ఆగుతుంది. ఆ మధ్యలో తేడా అయిదు కాదు, నాలుగు గంటలే; అందుకే మ్యాచ్ పదకొండింటికి వచ్చింది. అక్టోబరు చివరి వారంలోనూ ఇంతే. తమాషా ఏమిటంటే, శనివారం 3 గంటలకు మొదలయ్యే మ్యాచ్‌ను బ్రిటన్ టీవీలో ప్రత్యక్షంగా చూపరు. మీవాడు చూడగలడు!

టికెట్‌కు ముందు క్లబ్ సభ్యత్వం కొనాలి. అది టికెట్ అడిగే అర్హతే, టికెట్ కాదు. బయటివాళ్ల దగ్గర కొనొద్దు. అనుమతి లేకుండా తిరిగి అమ్మడం అక్కడ నేరం. టీవీ కోసం తేదీలు మారుతుంటాయి, అవి ఖాయమయ్యాకే విమానం టికెట్ తీయండి. ఆర్సెనల్ అభిమానుల మధ్య ఎదుటి జట్టు చొక్కాతో కూర్చుంటే బయటికి పంపేస్తారు.