పిచ్చుక పెట్టె, లాంటానా పొద, పిట్టల లెక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: పిచ్చుకల కోసం చెక్కపెట్టె కట్టి రెండేళ్లయింది. వాలడానికి వీలుగా రంధ్రం కింద చిన్న పుల్ల కూడా బిగించాం. ఒక్క జంటా గూడు పెట్టలేదు. ఎందుకని?

జవాబు: ముందు ఆ పుల్ల పీకేయండి. పిచ్చుక రంధ్రం అంచునే కాళ్లతో పట్టుకుని లోపలికి దూరుతుంది, దానికి మెట్టు అక్కర్లేదు. పుల్ల మీద నిలబడి పిల్లల్ని లాగేది కాకి. తర్వాత రంధ్రం కొలవండి. 32 మి.మీ. చాలు. 45 మి.మీ. దాటితే గోరింకలు దూరి పెట్టెను తమది చేసుకుంటాయి. రంధ్రం నుంచి అడుగుకు కనీసం 12 సెం.మీ. లోతుండాలి, లేకపోతే బయటి ముక్కుకు పిల్లలు అందుతాయి. నీరు నిలవకుండా అడుగున 5 మి.మీ. చిల్లులు నాలుగు వేయండి. లోపల రంగు, వార్నిష్ వద్దు. చెక్క మరీ నున్నగా ఉంటే పిల్లలు పైకి ఎక్కలేవు కనుక రంధ్రం కింద, లోపలివైపు, ఉలితో గాట్లు పెట్టండి.

పెట్టె గాలికి ఊగుతోందా? మధ్యాహ్నపు ఎండ నేరుగా తగులుతోందా? ఊగే పెట్టెను పిచ్చుక నమ్మదు. ఎండలో పలుచటి చెక్కపెట్టె లోపల వేడికి పిల్లలు చనిపోతాయి. 2 నుంచి 4 మీటర్ల ఎత్తున, చూరు నీడలో, గోడకు కదలకుండా బిగించండి. పిచ్చుకలు గుంపుగా బతుకుతాయి, అందుకే పక్కపక్కన రెండు మూడు పెట్టెలుంటే ఇంకా మేలు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాలేదంటే లోపం పెట్టె చుట్టూ ఉంది. పెద్ద పిచ్చుక గింజలతో బతికేస్తుంది గానీ గుడ్డు పగిలి వచ్చిన పిల్లకు తొలి రోజుల్లో గొంగళిపురుగులు, పేనుబంక లాంటి మెత్తటి పురుగులే కావాలి. పురుగుమందు కొట్టిన తోటలో అవి దొరకవు. ఎన్ని గింజలు చల్లినా ఆ లోటు తీరదు. మందు ఆపండి, గడ్డీ పొదలూ కొంతమేర కత్తిరించకుండా వదిలేయండి. పెట్టె కన్నా ఇదే ముఖ్యం.

ప్రశ్న: నడకదారి పక్కన లాంటానా (బయటి దేశం నుంచి వచ్చి సొంత మొక్కలను కమ్మేసే పొద) పొదలను వాలంటీర్లం కలిసి నరికాం. వానలు పడగానే అంతకంటే గుబురుగా లేచాయి. ఎలా వదిలించాలి?

జవాబు: కాండం నరికితే మొదట్లోంచి పది కొమ్మలు వస్తాయి. చిగుళ్లు పుట్టే ఆ ముడిభాగం నేల మట్టానికి కాస్త కిందే ఉంటుంది. చుట్టూ మట్టి గోకి, 3 నుంచి 5 సెం.మీ. లోతులో తల్లివేరును కోసి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టండి. వేళ్లు ఆకాశం వైపు ఉంటే మళ్లీ నేలను పట్టవు, ఎండిపోతాయి. కాయలు పండకముందే చేయాలి. ఆకులు పశువులకు విషం, అవి మేసే చోట వదలకండి. చేతి తొడుగులు, గట్టి బూట్లు తప్పనిసరి.

దయచేసి మొత్తం ఒకేసారి ఖాళీ చేయకండి. పిగిలిపిట్టలు అందులో గూళ్లు కడతాయి, చిన్న పిట్టలెన్నో డేగల నుంచి దాక్కుంటాయి. గూళ్ల కాలం అయ్యాక, ముక్కలు ముక్కలుగా తీయండి. ప్రతి ముక్క మొదలుపెట్టే ముందు పది నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. ముక్కున పురుగో పుల్లో పట్టుకుని ఒకే చోటికి పదే పదే వెళ్లే పిట్ట కనిపిస్తే ఆ పొద జోలికి పోవద్దు. ఖాళీ అయిన నేలలో ఆ ప్రాంతపు సొంత పొదలూ గడ్డీ వెంటనే నాటండి. గింజలను మోసుకొచ్చేది పిట్టలే కనుక అవి వాలే చెట్ల కింద, కంచెల కింద కొత్త మొలకలు వస్తూనే ఉంటాయి. కొన్నేళ్లు ప్రతి వానాకాలం తర్వాత వాటిని చేత్తో పీకాలి. చాలా బృందాల కష్టం ఈ దశలోనే వృథా అవుతుంది.

ప్రశ్న: పిట్టల లెక్కలో పేరు తెలియనివి రాయాలా? ఫోన్ యాప్ చెప్పిన పేరు రాసేయవచ్చా?

జవాబు: యాప్ చెప్పేది సూచన మాత్రమే. కూత విని పేరు చూపితే ఆ పిట్టను కళ్లారా చూశాకో, కూత మీకే తెలిసి ఉంటేనో రాయండి. కూతలను అనుకరించే పక్షులు యాప్‌నూ పొరబడేలా చేస్తాయి. చూసిన పిట్టల జాబితాలు చేర్చే వెబ్‌సైట్, 2002లో మొదలైన ఈబర్డ్‌లో జాబితా ఇస్తుంటే మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు, ఎంత దూరం అన్నవి తప్పక రాయండి. గుర్తుపట్టిన ప్రతి జాతినీ రాయాలి, కాకిని కూడా. అరుదైనవే రాస్తే మామూలు పిట్టలు తగ్గుతున్న సంగతి ఎవరికీ కనబడదు. సరిగ్గా తెలియనిదాన్ని ‘డేగ, జాతి తెలియదు’ అన్నట్టు రాయవచ్చు. పిట్టను బయటికి రప్పించాలని ఫోన్లో దాని కూత మోగించకండి. గూళ్ల కాలంలో అది గుడ్లు వదిలి, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది.

ప్రశ్న: నా 8x42 (8 రెట్లు పెద్దగా చూపే, 42 మి.మీ. ముందు అద్దాల) బైనాక్యులర్‌లో ఒక కంటికి స్పష్టంగా, మరో కంటికి మసకగా కనిపిస్తోంది. పాడైందా?

జవాబు: చాలావరకు సర్దుబాటు లోపమే. కుడి అద్దాన్ని మూసి, ఎడమ కంటితో దూరపు బోర్డును చూస్తూ మధ్య చక్రం తిప్పి అక్షరాలు తేటగా చేసుకోండి. ఇప్పుడు ఎడమది మూసి, చక్రాన్ని ముట్టకుండా కుడి కంటి దగ్గరి రింగును మాత్రమే తిప్పండి. ఆ రింగు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి, సంచిలో రాసుకుని కదిలిపోతుంటుంది. కళ్లద్దాలు పెట్టుకునేవారు రబ్బరు కప్పులను లోపలికి తిప్పాలి, లేకపోతే దృశ్యం చుట్టూ నల్లటి అంచు కనిపిస్తుంది.