ఊరివాళ్లే పేదరికం లెక్కలు తీస్తే ఉపయోగం ఏంటి?

ప్రభుత్వ సర్వేలు ఉండగా గ్రామస్తులే ఇంటింటి వివరాలు సేకరించడం ఎందుకు అన్నది ప్రశ్న. అనంతపురం వైపు నుంచి చెబుతాను.

నమూనా సర్వేలు కొన్ని ఇళ్లనే ఎంచుకుంటాయి. వాటితో రాష్ట్రంలో పేదరికం ఎంతో అంచనా వేయొచ్చు కానీ, ఫలానా ఊళ్లో ఎవరింట్లో పొయ్యి వెలగట్లేదో తెలియదు. అది ఊరికి తెలుసు.

2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదరిక నిర్మూలన కోసం తెచ్చిన వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పేదల్ని ఊరి జనమే గుర్తించే పద్ధతి అందులో ఉండేది. ఇలాంటి చోట నేలమీద ముగ్గుపిండితో ఊరి పటం గీసి, ఒక్కో ఇంటి పరిస్థితి అందరి ముందూ మాట్లాడుకుంటారు. ఐదెకరాలున్న రైతు కాగితం మీద పేదవాడిలా కనిపించడు. బోరు ఎండి, వేరుశనగ పోయి, ఆలుమగలు బెంగళూరుకు కూలికి వెళ్తే సర్వే మనిషి 'తాళం వేసి ఉంది' అని రాసుకుని వెళ్లిపోతాడు. ఆ ఇంటి పిల్లలు ఎవరి దగ్గర తింటున్నారో పక్కింటామె చెబుతుంది. నా దృష్టిలో అసలు డేటా అదే.

ఇబ్బందీ ఉంది. పెద్ద రైతులు ఎదురుగా కూర్చుంటే కూలీలు నోరు విప్పరు. అందుకే ఎస్సీ కాలనీలో, పొదుపు సంఘం ఆడవాళ్లతో విడిగా కూర్చోవాలి. తర్వాత గ్రామసభలో జాబితా చదివి వినిపించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి.

ఒక్కసారి చేసి వదిలేస్తే జాబితా పాతబడిపోతుంది. ఫిలిప్పీన్స్ 2019లో చట్టమే చేసింది: ప్రతి నగరం, మున్సిపాలిటీ మూడేళ్లకోసారి ఇలాంటి వివరాలు సేకరించాలి. మనకైతే కరువు ఏడాదిలో వలసలు మొదలవకముందే ఒకసారి సరిచూసుకోవడం ఇంకా అవసరం.