పాత మారుతి 800: చలిలో ఘాట్ ఎక్కే ముందు ఇంజిన్ ఎంతసేపు వేడెక్కాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉండేది ఒడిశా జయపూర్‌లో. బండి మీ నాన్నగారి 1998 మారుతి 800, కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న మోడల్. చలికాలంలో తెల్లవారకముందే బయల్దేరి కొరాపుట్, సాలూరు మీదుగా విశాఖ వెళ్లాలి. నాన్నగారేమో పావుగంట ఇంజిన్ ఆన్‌లో ఉంచనిదే బండి కదలనివ్వరు. కొత్త కార్లున్న స్నేహితులేమో స్టార్ట్ చేసి వెళ్లిపొమ్మంటున్నారు.

ఇద్దరి మాటా సగమే వినండి. ఒకటి రెండు నిమిషాలు ఆన్‌లో ఉంచండి, బండి తీయండి, ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఎక్సలేటర్ గట్టిగా తొక్కకండి. నేను కొరాపుట్ దగ్గర సునాబేడాలో ఉంటాను, నాదీ కార్బురేటర్ 800యే. ఇక్కడ, పక్కనే సెమిలిగుడలో, డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో చలి సింగిల్ డిజిట్‌లోకి దిగుతుంది కాబట్టి ఈ బాధ మాకు మీకంటే ఎక్కువే.

నిలబెట్టిన ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. దానికి పని లేదు, కాలేది కొంచెం పెట్రోలు, పుట్టేది కొంచెం వేడి. పైగా చోక్ (చల్లని ఇంజిన్ స్టార్ట్ అవడానికి పెట్రోలు పాలు పెంచే పిడి) లాగి ఉంచితే అవసరానికి మించి పెట్రోలు లోపలికి పోతుంది. చల్లని సిలిండర్ గోడల మీద అదంతా ఆవిరి కాదు. కొంత తడిగానే మిగిలి, గోడల మీదున్న పల్చని ఆయిల్ పొరను కడిగేసి, కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. అంటే బండి మీద ప్రేమతో చేసే పావుగంట ఐడ్లింగే పిస్టన్ రింగులకీ బోరుకీ (సిలిండర్ లోపలి గోడకీ) అరుగుదల తెస్తుంది. చోక్ స్టార్ట్ అవడానికి పూర్తిగా లాగండి. ఇంజిన్ నిలకడగా ఆడగానే సగానికి తోసేయండి. బండి కదిలాక ఒకటి రెండు కిలోమీటర్లలో పూర్తిగా లోపలికి పోవాలి. అప్పటికీ చోక్ లేకుండా ఆగిపోతుంటే అది చలి సమస్య కాదు, కార్బురేటర్ ట్యూనింగ్ సమస్య.

అలాగని స్నేహితుల మాట పట్టుకుని స్టార్ట్ చేసీ చేయగానే ఘాట్ మీదికి ఉరికించొద్దు. మన పాత బండ్లలో ఎక్కువగా పోసేది 20డబ్ల్యూ-50 ఆయిల్. 100 డిగ్రీల వేడిలో ఉన్నప్పటికంటే 40 డిగ్రీల దగ్గరే అది ఎనిమిది తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. 10 డిగ్రీల చలిలోనైతే చెప్పక్కర్లేదు, ఇంకా చిక్కబడి నెమ్మదిగా కదులుతుంది. అది పైన వాల్వులు తెరిచే క్యామ్ దాకా, రాకర్ల దాకా సరిగ్గా చేరడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ ఒకటి రెండు నిమిషాలు ఆగమనేది అందుకే. స్టార్ట్ అవగానే బర్రుబర్రుమని రేస్ ఇచ్చే అలవాటు ఎవరికైనా ఉంటే మాన్పించండి, పాత ఇంజిన్‌కి అంతకంటే కీడు లేదు.

ఇంకోటి, పిస్టన్ అల్యూమినియం, అది ఆడే బోరు ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకంటే ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ ఎక్కువుంటుంది. బాగా తిరిగిన ఇంజిన్‌లో పొద్దున్నే టకటకమనే చప్పుడు చాలావరకు అదే, వేడెక్కితే సర్దుకుంటుంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ బండిని తొందరపెట్టకండి.

టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చిందంటే అంతా వేడెక్కినట్టే అనుకుంటారు చాలామంది. అది చూపించేది నీళ్ల వేడి, ఆయిల్ వేడి కాదు. ఆయిల్ వెనకబడే వస్తుంది. ముల్లు మధ్యకి వచ్చాక కూడా ఇంకో ఐదు పది నిమిషాలు నెమ్మదిగా నడిపి, ఆ తర్వాత తొక్కండి. గేర్‌బాక్స్ ఆయిల్ ఇంకా బద్ధకం. పొద్దున్నే రెండో గేరు గట్టిగా పడుతుంటే బలవంతం చేయకుండా కాస్త ఆగి వేయండి, కాసేపటికి అదే దారికొస్తుంది.

మీ అసలు చిక్కు జయపూర్ దాటగానే కొరాపుట్ ఘాట్ రావడం. ఊళ్లో తిరిగే పని ఏదన్నా ఉంటే, పెట్రోలు కొట్టించడమో, టైర్లలో గాలి చూడటమో, ఎవరినన్నా ఎక్కించుకోవడమో, అదంతా ఘాట్‌కి ముందే పెట్టుకోండి. ఇంజిన్‌కి నడుస్తూ వేడెక్కే అవకాశం దొరుకుతుంది. ఘాట్ మొదలయ్యేసరికి ఇంకా చల్లగానే ఉంటే రెండో గేరులో, వీలైతే మూడో గేరులో, ఎక్సలేటర్ సగం దాటకుండా ఎక్కించండి. మన 800కి ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే ఆర్పీఎం మీటర్ లేదు, చెవితోనే పట్టుకోవాలి. అరవకూడదు, ఈడ్వకూడదు. చాలామంది అరుపుకి భయపడి నాలుగో గేరులోనే ఉంచి, బండి గుడగుడలాడుతుంటే ఎక్సలేటర్ అదిమిపెడతారు. చల్లని ఇంజిన్‌కి ఆ ఈడ్పు కూడా అరుపంత చెడ్డదే. తక్కువ తిప్పుడు మీద ఎక్కువ బరువు పడితే బేరింగుల మధ్య ఆయిల్ పొర నిలవదు. వెనకాల లారీవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి, పక్కకి తీసి దారివ్వండి. కొరాపుట్ చేరేసరికి బండి వేడెక్కి ఉంటుంది, ఆ తర్వాత సాలూరు వైపు వచ్చే సుంకి ఘాట్ ఎలాగూ దిగుడే. తిరుగు ప్రయాణంలో సాలూరులో పడుకుని పొద్దున్నే బయల్దేరితే మాత్రం ఇదే జాగ్రత్త మళ్లీ, ఆ ఎక్కుడు ఇంకా పెద్దది.

పావుగంట ఆన్‌లో ఉంచడం పెద్దవాళ్లకి ఎక్కడ అలవాటైందో అని ఆలోచిస్తే నాకు లారీలే గుర్తొస్తాయి. సాలూరు అంటేనే లారీల ఊరు కదా. ఎయిర్ బ్రేకులున్న లారీలో ట్యాంకుల్లోకి గాలి ప్రెషర్ ఎక్కేదాకా కదలకూడదు, రాత్రంతా నిలిచిన బండికి అది తప్పదు. వాళ్లు ఆగేది ముఖ్యంగా గాలి కోసం. చూసినవాళ్లు ఇంజిన్ కోసమనుకుని కార్లకీ అంటించారని నా అనుమానం. నాన్నగారితో వాదన పెట్టుకోకండి, నెమ్మదిగా నడుపుతూ వేడెక్కిస్తున్నానని చెప్పండి. డీజిల్ కార్లదీ ఇదే కథ, కాకపోతే నిలబెడితే అవి ఇంకా నెమ్మదిగా వేడెక్కుతాయి. మా బావగారి పాత ఇండికాలో గ్లో ప్లగ్ (స్టార్ట్‌కి ముందు డీజిల్ ఇంజిన్ లోపల వేడి చేసేది) లైటు ఆరేదాకా ఆగి స్టార్ట్ చేస్తాం, అంతే. టర్బో ఉన్న డీజిల్ అయితే మొదటి నిమిషం అస్సలు రేస్ ఇవ్వకూడదు.

ఒక్క హెచ్చరిక. షట్టర్ దించిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి ఉంచకండి. కార్బురేటర్ బండి చోక్ మీద వదిలే పొగలో కార్బన్ మోనాక్సైడ్ చాలా ఎక్కువ, దానికి వాసన ఉండదు. ముందు బండి బయటికి తీయండి, ఆ తర్వాతే మిగతాది.

ఇంతా చేసినా ముల్లు మధ్యకి రావట్లేదంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌లోకి పోకుండా ఆపే వాల్వు) చూడాలి. మన వైపు ఎండాకాలంలో బండి హీటెక్కితే థర్మోస్టాట్ పీకేసి పంపించడం చాలామంది మెకానిక్‌లకి వైద్యం. నా బండికీ ఒక షెడ్డులో చెప్పాపెట్టకుండా అదే చేశారు. అసలు జబ్బు రేడియేటర్ పూడిపోవడం. ఆ చలికాలమంతా ముల్లు అడుగునే పడుకుంది, మైలేజీ పడిపోయింది, హీటర్ వేస్తే చల్లగాలి. ఆయిల్ మూత తీసి చూస్తే లోపలివైపు తెల్లటి చిక్కటి జిడ్డు. ఇంజిన్ వేడెక్కక లోపలి చెమ్మ ఆవిరై పోకుండా ఆయిల్‌తో కలిసిందన్నమాట. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయినా అలాంటి జిడ్డే వస్తుంది కాబట్టి కూలెంట్ తగ్గుతోందేమో కూడా చూసుకోవాలి. నాకు తగ్గలేదు. థర్మోస్టాట్ వేయించి రేడియేటర్ శుభ్రం చేయించాక ఎండాకాలంలోనూ మళ్లీ హీటెక్కలేదు.

మీరే తేల్చుకోవచ్చు. చల్లని బండి స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఫ్యాన్‌కి చెయ్యి దూరంగా ఉంచి, ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే లావు రబ్బరు పైపుని అప్పుడప్పుడు తాకి చూడండి. థర్మోస్టాట్ సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది ఉంటే పైపు చాలాసేపు చల్లగానే ఉండి, ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మొదటి నుంచీ కొద్దికొద్దిగా గోరువెచ్చబడుతుంటే లోపల థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకునే ఉండిపోయింది. అలా అయితే ప్రయాణానికి ముందే కొత్తది వేయించండి, పెద్ద ఖర్చేం కాదు. పైపు ఎలా ఉందో చూసి ఇక్కడ రాయండి.