అద్దె కాగితం రాసిస్తే ఇల్లు చేజారుతుందా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మా కింది వాటాలో పూలమ్ముకునే ఒకామె అద్దెకుంటోంది. ప్రభుత్వ ఇంటికి దరఖాస్తు పెట్టుకుంటాను, అగ్రిమెంటు రాసివ్వమంటోంది. రేపు ఈ వాటా తనదేనంటుందేమోనని మావారికి టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి

జవాబు: నిక్షేపంగా ఇవ్వండమ్మా. అగ్రిమెంటు వల్ల మీ హక్కు తగ్గదు. పైగా ఇల్లు మీదేనని, తాను అద్దెకున్నానని ఆమే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టవుతుంది. ఏ కాగితమూ లేకుండా ఏళ్ల తరబడి ఉండనివ్వడమే నాకు భయం.

స్టాంపు పేపరు మీద 11 నెలలకు రాయించండి. గడువు ఏడాది లోపే అయినా, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ ప్రకారం రిజిస్టర్ చేయించాల్సిందే. అద్దె, అడ్వాన్సు ఉన్నదున్నట్టు రాయండి. పన్ను భయంతో తగ్గించి రాస్తారు కొందరు, ఆ పని మాత్రం వద్దు.

పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో నిరుపేద వర్గానికి కుటుంబ వార్షికాదాయం 3 లక్షలు మించకూడదు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అవి తేల్చేది అధికారులు, మీరు పూచీ పడనక్కర్లేదు. విచారణకు వస్తే ఉన్న నిజం చెప్పండి, చాలు. ఇల్లిప్పిస్తానని ఏ దళారీ అయినా డబ్బడిగితే ఇవ్వొద్దని ఆమెకు గట్టిగా చెప్పండి. కరెంటు మీటరు మీ పేరునే ఉంచి, బిల్లు జిరాక్సు ఇవ్వండి.