స్టడీ లీవ్ సరే, 25వ నెల సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 39. హైదరాబాద్‌లో కేంద్ర గణాంక శాఖలో 13 ఏళ్లుగా గ్రూప్ బీ ఉద్యోగిని. ఇంటింటికీ తిరిగి కుటుంబ ఖర్చుల సర్వే చేస్తుంటాం. రేషన్ బియ్యం పేదల తిండిలో ఏం మార్పు తెచ్చిందన్నదానిపై పీహెచ్‌డీ చేయాలని, అది రేపు ప్రభుత్వానికి పనికిరావాలని కోరిక. రెండేళ్లు స్టడీ లీవ్ (చదువు కోసం జీతంతో ఇచ్చే సెలవు), మూడో ఏడాది జీతం లేని సెలవు పెడతాను. ఇందుకోసం ఇప్పుడే 12 శాతం వడ్డీకి, ఐదేళ్ల గడువుతో 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, 3 లక్షలు లాప్‌టాప్‌కు, ఫీల్డ్ సర్వేకు వాడి, మిగతా 5 లక్షలు మూడో ఏడాదిదాకా షేర్లలో పెడదామనుకుంటున్నాను. చేతికొచ్చే జీతం 92,000. ఇంటి లోన్ వాయిదా 34,000, పిల్లల ఫీజులు 14,000, ఇంటి ఖర్చు 26,000, సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టేది) 8,000. బ్యాంకులో 1.4 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 3.6 లక్షలు ఉన్నాయి. ఈఎల్ (జీతంతో వాడుకునే ఆర్జిత సెలవు) 210 రోజులు ఉంది. భార్య గృహిణి, అమ్మ మాతోనే ఉంటుంది. సలహా ఇవ్వండి.

జవాబు: ముందుగా మీ కోరికకు నా నమస్కారం. ‘గత 30 రోజుల్లో బియ్యం ఎన్ని కిలోలు వండారమ్మా’ అని గడప గడపకూ వెళ్లి అడిగిన మనిషి రాసే పరిశోధన, గదిలో కూర్చుని రాసేదానికంటే ప్రభుత్వానికి ఎక్కువ పనికొస్తుంది. ఐఏఎస్‌లో పనిచేసిన దువ్వూరి సుబ్బారావు గారు కూడా రాష్ట్రాల ఆర్థిక సంస్కరణల మీదే పీహెచ్‌డీ చేశారు. కాబట్టి చదువు మానేయమని నేను అనను. లోన్ మాత్రం వద్దు.

పర్సనల్ లోన్ తెచ్చి షేర్లలో పెట్టడమేమిటండీ? 8 లక్షలకు నెల వాయిదా దాదాపు 17,800. డబ్బు మీకు కావాల్సింది 25వ నెల నుంచి, బ్యాంకు మాత్రం మొదటి నెల నుంచే వసూలు చేస్తుంది. ఆ 24 నెలల్లో మీరు కట్టేది 4.27 లక్షలు. షేర్లలో దాచిన 5 లక్షల్లో చాలా భాగం మూడో ఏడాది మొదలయ్యేలోపే వాయిదాలకు పోతుంది. మార్కెట్ పడితే అదీ మిగలదు. జీతం ఆగిపోయాక మాత్రం రెండు లోన్ల వాయిదాలూ కలిపి నెలకు 51,800 కట్టాలి. ఉద్యోగుల్లో ఈ పొరపాటు నాకు తరచూ కనిపిస్తోంది. జీతం ఖాతా చూసి బ్యాంకు పది నిమిషాల్లో లోన్ ఇస్తుంది కాబట్టి అదే ఆసరా అనుకుంటున్నారు.

కొన్నేళ్ల కిందట ఒక అధికారి ఇలాగే సెలవు పెట్టాక నా దగ్గరికి వచ్చారు. వాళ్ల నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆస్పత్రి బిల్లు బీమా కట్టింది. ఆయా జీతం, ఫిజియోథెరపీ, రోజూ ఆటో... వీటికి బీమా రాదు కదా. ఎనిమిదో నెలకల్లా భార్య పుస్తెల తాడు కుదువపెట్టారు. థీసిస్ మూడో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఆయన చేతిలో ఆర్నెల్ల ఖర్చు ఉండుంటే అది పూర్తయ్యేది.

మీ విషయంలో దీనికి ఇంకో మెలిక ఉంది. చదువు పూర్తిచేయలేక సర్టిఫికెట్ ఇవ్వలేకపోయినా, తిరిగి చేరాక మూడేళ్లలోపు రాజీనామా చేసినా, సెలవులో తీసుకున్న జీతం వడ్డీతో వెనక్కి కట్టాలి. రెండేళ్ల జీతమంటే 20 లక్షలు దాటుతుంది. స్టడీ లీవ్ కోసం ప్రభుత్వానికి రాసిచ్చే బాండు మీద సంతకం పెట్టే ముందు ఈ షరతు చదవండి.

ఇంత బాధ్యత మీద పడుతుంటే మీ బ్యాంకులో ఉన్నది 1.4 లక్షలే. సిప్ తీసేస్తే మీ ఇంటికి నెలకు తప్పనిసరిగా కావాల్సింది 74,000. ఆరు నెలలకు 4.44 లక్షలు. ఇది పోగయ్యేదాకా సెలవు దరఖాస్తు పెట్టకండి. ఈ నెల నుంచే సిప్ ఆపండి. ఇప్పుడు మిగులుతున్న 10,000తో కలిపి నెలకు 18,000 పక్కన పెట్టండి. ఫండ్లలోంచి 1.5 లక్షలు తీయండి. బ్యాంకులోని 1.4 లక్షలతో కలిపి తొమ్మిది నెలల్లో 4.5 లక్షలు అవుతుంది. అందులో లక్ష సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఎఫ్‌డీలో ఉంచండి. లాప్‌టాప్ కోసం కూడా దాన్ని ముట్టుకోకండి.

స్టడీ లీవ్‌లో మీకు జీతం, డీఏ వస్తాయి. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఆగుతుంది. చేతికి 86,500 వస్తుందనుకుంటే, సిప్ లేదు కాబట్టి నెలకు 12,500 మిగులుతుంది. రెండేళ్లకు 3 లక్షలు. సర్వేకు, లాప్‌టాప్‌కు మీరు అప్పు చేయాలనుకున్నది సరిగ్గా ఇంతే. పైగా 2022-23, 2023-24 కుటుంబ ఖర్చుల సర్వేల వివరాలు మీ శాఖ దగ్గరే ఉన్నాయి, ఉచితంగా వచ్చిన బియ్యం లెక్కతో సహా. మీ సొంత సర్వే రెండు మూడు బస్తీలకు పరిమితమైనా చాలు.

మూడో ఏడాది జీతం లేని సెలవు వద్దే వద్దు. అప్పుడు ఎన్‌పీఎస్ అనే పెన్షన్ పథకంలో మీ వాటా ఆగిపోతుంది. స్టడీ లీవ్ 24 నెలలు అయ్యాక 180 రోజుల ఈఎల్ కలపండి. పీహెచ్‌డీకి ఇలా కలిపి 36 నెలల వరకు వీలుంది. మిగిలిన 30 రోజులు అమ్మగారి అవసరాలకు ఉంచుకోండి. ఆ 30 నెలల్లో ఫీల్డ్ పని ముగించి, ఉద్యోగంలో చేరాక రాత పని చేసుకోండి. 2022 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి ఆరేళ్ల దాకా గడువుంది. ఆఫీసు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తే పార్ట్ టైమ్‌లోనూ చేయొచ్చు.

గ్రూప్ బీ ఉద్యోగి చనిపోతే ప్రభుత్వ గ్రూప్ ఇన్సూరెన్స్ కింద ఇచ్చే బీమా 60,000 మాత్రమే. మీ ఇంటి లోన్ రెండు వాయిదాలకు కూడా చాలదు. సెలవు పెట్టకముందే కోటి రూపాయల టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోండి. ఎడ్యుకేషన్ లోన్, బంగారం మీద అప్పు గురించి ఇప్పుడు ఆలోచించకండి.

యూనివర్సిటీ ప్రవేశాల నోటిఫికేషన్ వచ్చేలోపు మీకున్న పని రెండే. సిప్ ఆపి ఎఫ్‌డీ తెరవడం, లోన్ కోసం బ్యాంకుకు ఇచ్చిన కాగితాలేమైనా ఉంటే వెనక్కి తెచ్చుకోవడం.