ఇస్తాంబుల్ వెళ్లి సంగీతంలో స్థిరపడతానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ చివరి సంవత్సరం. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంది. టర్కీ సీరియళ్లు చూసి ఆ సంగీతం మీద మనసు పడింది. ఇస్తాంబుల్ వెళ్లి మ్యూజిక్ బిజినెస్‌లో మాస్టర్స్ చేస్తానంటోంది. అక్కడి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సీటు ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. ఇస్తాంబుల్ మేలా, ముంబయిలో సౌండ్ ఇంజనీరింగ్ కోర్సు మేలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, అసలు సంగతి చివరి వాక్యంలో ఉందండీ. కొరియా అన్నా, కెనడా అన్నా, సంగీతం గురించి నాకు వచ్చే ఉత్తరాలన్నిటిలో ఉండే భయం ఒక్కటే. పిల్ల డబ్బు పెట్టి వెళ్లి, వట్టి చేతులతో తిరిగొస్తే ఎలా? ముందు దానికే చెబుతాను. ఈసీఈ డిగ్రీ ఎక్కడికీ పోదు. రెండేళ్లు ఒక ప్రయత్నం చేసి, కుదరక తిరిగొచ్చినా ఆమెకు ఇరవై నాలుగో ఏడు దాటదు. ఆ వయసులో మళ్లీ మొదలుపెట్టి బాగా స్థిరపడిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. ఈ రాత్రికి నిద్రపోండి.

ఇక రెండో మాట కాస్త కటువుగానే చెప్పాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఏమన్నారో రాశారు. అమ్మాయి వయొలిన్ ఎలా వాయిస్తుందో, సొంతంగా ఒక ట్యూన్ అయినా కట్టిందో లేదో మాత్రం రాయలేదు. ఇంటికి చుట్టాలొస్తే "ఒక కీర్తన వాయించమ్మా" అని కూర్చోబెట్టింది మీరే. ఆ విద్యతోనే బతుకుతానంటే ఉలిక్కిపడుతున్నదీ మీరే. ఇన్నేళ్లు నేర్పించి, ఇప్పుడు దాన్ని పనికిమాలిన పని అన్నట్టు మాట్లాడితే పిల్ల మనసు విరిగిపోతుంది. ముందు ఒక గంట కూర్చుని, ఆమె ఈమధ్య ఏం వాయిస్తోందో వినండి.

ఇప్పుడు టర్కీ సంగీత వ్యాపారం సంగతి. ఒకప్పుడు అదంతా ఇస్తాంబుల్‌లోని ఉన్కపానీ అనే చోట ఉండేది. బట్టల వర్తకుల కోసం కట్టిన పెద్ద సముదాయంలో ఒక భాగం నిండా క్యాసెట్ కంపెనీలే. పల్లెల నుంచి సాజ్ అనే పొడుగు మెడ తంతి వాద్యాన్ని భుజాన వేసుకుని వచ్చిన కుర్రాళ్లు అక్కడ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు. ప్రభుత్వ రేడియో, టీవీ అయిన టీఆర్‌టీ, అరబ్బు బాణీల ఛాయ ఉన్న అరబెస్క్ అనే విషాద పాటల్ని దూరం పెట్టిన రోజుల్లో కూడా క్యాసెట్ల మీదే ఆ పాటలు దేశమంతా తిరిగాయి. 1990లలో ప్రైవేటు టీవీ వచ్చాక పాప్ గాయకుల హవా మొదలైంది. ఇప్పుడు యూట్యూబ్, స్పాటిఫై వచ్చాయి. స్పాటిఫై 2013లో అక్కడ అడుగుపెట్టింది. పెద్ద కంపెనీలు చాలామంది గాయకుల వీడియోల్ని ఒకే యూట్యూబ్ ఛానెల్‌లో పెట్టి నడిపిస్తున్నాయి.

వినేవాళ్లు కోట్లలో ఉన్నా, వాళ్లు కట్టే చందా అక్కడి కరెన్సీ లీరాల్లో, అదీ తక్కువ. కాబట్టి పాట హిట్టయితే వచ్చేది ముందు పేరు. డబ్బు కచేరీల్లో ఉంది. మునిసిపాలిటీలు పెట్టే ఉచిత కచేరీలు, యూనివర్సిటీల వసంతోత్సవాలు, పెళ్లిళ్లు, వేసవిలో సముద్రతీరాన అంతల్యా వైపు హోటళ్లు. ఇవన్నీ మనిషికి మనిషి చెబితే వచ్చే పనులు. వీటికీ ఇబ్బందులున్నాయి. 2021లో అర్ధరాత్రి దాటాక సంగీతం వద్దని ప్రభుత్వం ఆంక్ష పెట్టినప్పుడు, రాత్రి పనితోనే బతికే వాద్యకారులు గట్టిగా గోల పెట్టారు. 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం అధికారిక లెక్కల్లోనే 85 శాతం దాటింది. అక్కడ లీరాల్లో సంపాదించి ఇక్కడ అప్పు తీర్చాలంటే కష్టం. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని మాత్రం పంపకండి. ఇందులో మినహాయింపు లేదు.

మ్యూజిక్ బిజినెస్ మాస్టర్స్ గురించి నాకున్న అనుమానం దాచను. ఇప్పుడు ఎవర్ని కదిపినా ఇదే మాట. ఆర్టిస్ట్ మేనేజర్ అవుతారట, లేబుల్‌లో, అంటే పాటల కంపెనీలో చేరతారట. టర్కీ గాయకుడికి మేనేజర్ అంటే ఇజ్మీర్ హాల్ యజమానితో, అంకారా మునిసిపాలిటీ అధికారితో, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసిన డ్రమ్మర్‌తో టర్కిష్‌లో బేరమాడి, బతిమాలి, కోప్పడగలిగిన మనిషి. ఆ భాష ఇంకా మొదలుపెట్టని మన అమ్మాయికి ఇంగ్లిషులో చెప్పిన రెండేళ్ల క్లాసులు ఆ పని నేర్పలేవు. పైగా విదేశీయుల్ని ఉద్యోగంలో పెట్టుకోవాలంటే, మామూలుగా ఒక్కొక్కరికి ఐదుగురు టర్కీ పౌరులు ఆ సంస్థలో పనిచేస్తూ ఉండాలి. చిన్న లేబుల్, చిన్న స్టూడియో ఆ తలనొప్పి ఎందుకు పెట్టుకుంటాయి? సీటు అమ్మేవాళ్లు ఈ విషయం చెప్పరు. సీటు వేరు, పని వేరు.

మరి ఆమెకు దారే లేదా అంటే, ఉంది. అది ఆమె వయొలిన్‌లోనే ఉంది.

అక్కడి పాప్ సంగీతానికి వెన్నెముక అరేంజరు, అంటే ట్యూన్‌కు ఏ వాద్యం ఎక్కడ పలకాలో కూర్చే మనిషి. వాళ్లు అరాంజోర్ అంటారు. పాప్ గాయని సెజెన్ అక్సు పాటల వెనుక అరేంజర్ ఓన్నో తుంచ్ చేయి ఎంత ఉందో ఆ సంగీతం తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఆవిడ దగ్గర కోరస్ పాడుతూ పని నేర్చుకున్న సెర్తాబ్ ఎరెనెర్ 2003లో యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీ గెలిచింది. ఒకరి దగ్గర చేరి, విని, వాయించి నేర్చుకోవడం అక్కడ పాత పద్ధతి. దాన్ని మెష్క్ అంటారు. గురువుగారి ముందు కూర్చుని వయొలిన్ నేర్చుకున్న పిల్లకు అది కొత్తేమీ కాదు. మన రాగాల్లాంటి వాళ్ల మకామ్‌ల సిద్ధాంతంలో ఒక పూర్తి స్వరాన్ని తొమ్మిది భాగాలు చేస్తారు. కానున్ అనే వాద్యం తంతుల పక్కన చిన్న చిన్న లోహపు మీటలుంటాయి. వాయిస్తూ వాయిస్తూ ఎడమ చేత్తో వాటిని ఎత్తి దించితే స్వరం వెంట్రుకవాసి జరుగుతుంది. పియానో మీద పెరిగిన చెవికి ఆ తేడా పట్టడం కష్టం. గమకాల్లో పెరిగిన చెవికి తొందరగా పడుతుంది. వాళ్ల తొమ్మిది మాత్రల ఆక్సాక్ తాళం, మన తొమ్మిది లెక్కల సంకీర్ణ జాతి లాగే సాగదు. కానీ తొమ్మిది లెక్కపెట్టడానికి ఆమె తడబడదు.

ఇంకొకటి, ఆమెను ఇందులోకి లాగిన సీరియళ్లు. అక్కడ ఒక్కో ఎపిసోడ్ రెండు గంటల పైనే ఉంటుంది, అదీ వారం వారం. అంత నిడివికి నేపథ్య సంగీతం ఎవరో ఒకరు కూర్చుని చేయాలి కదా. తంతి వాద్యం వాయించగలిగి, రికార్డింగూ తెలిసిన మనిషికి అలాంటి చోట విలువ ఉంటుంది. ఈసీఈ చదువు ఇక్కడ అక్కరకొస్తుంది. ఇస్తాంబుల్ టెక్నికల్ యూనివర్సిటీలో మియామ్ అనే ఉన్నత సంగీత కేంద్రం 1999 నుంచి ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీ, బోధన ఇంగ్లిషులో, సౌండ్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ కూడా ఉంది. సీటు సులభంగా రాదు, చేసిన పని చూపించాలి. వెళితే అలాంటి చోటికే వెళ్లనివ్వండి.

మన దేశానికీ టర్కీకీ మధ్య పరిస్థితి కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. టర్కీ పాకిస్తాన్‌ను వెనకేసుకొచ్చిందని 2025 మేలో హైదరాబాద్ మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ, టర్కీ భాషా సంస్కృతుల ప్రచారం చేసే యూనుస్ ఎమ్రే సంస్థతో ఒప్పందం రద్దు చేసుకుంది. ఆ యూనివర్సిటీలోని టర్కిష్ భాషా డిప్లొమాకు అండగా ఉన్నది ఆ ఒప్పందమే. అంతమాత్రాన అక్కడ పిల్లకు అపాయం అనుకోనక్కర్లేదు. వీసా, ఒప్పందాలు మాత్రం ఎప్పుడైనా మారవచ్చు కాబట్టి అదొక్కటే దారి అని కూర్చోవద్దు.

ముంబయి సంగతి పొట్టిగా: భాషతో ఇబ్బంది లేదు, వర్క్ పర్మిట్ అక్కర్లేదు, ఖర్చు తక్కువ, పోటీ ఎక్కువ. టర్కీ సంగీతమే కావాలనుకునే పిల్లకు ముంబయి బదులు కాదు. సినిమా, సీరియళ్లకు సంగీతం చేయడమే కావాలనుకుంటే ముంబయే కాదు, హైదరాబాదూ చాలు. ఏది కావాలో ఆమెనే అడగండి.

ఈ ఏడాది చేయాల్సింది ఇది. ఆన్‌లైన్‌లో టర్కిష్ మొదలుపెట్టించండి. ఆర్నెల్ల తర్వాత కూడా మానకుండా నేర్చుకుంటుంటే కోరిక గట్టిదేనని నమ్మండి. ఈలోగా సొంతంగా ఒక మూడు నాలుగు రికార్డింగులు చేయమనండి. తర్వాత టర్కీ ప్రభుత్వమిచ్చే తుర్కియే బుర్స్‌లారి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి. మామూలుగా జనవరి, ఫిబ్రవరిల్లో తీసుకుంటారు. ఫీజు, నెలవారీ భత్యం, వసతి, ఒక ఏడాది భాషా శిక్షణ అన్నీ అందులోనే వస్తాయి. దరఖాస్తు పూర్తిగా ఉచితం. దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.